ఇనుములో ఎక్కడ మిగులుతుంది, ఎక్కడ మిగల్చకూడదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఇనుము గురించే. ఒకరిది రెండు గదుల ఇల్లు, ఒకరిది ఉన్న ఇంటి మీద ఇంకో గది, ఒకరిది చిన్న కొట్టు. కట్టేది ఏదైనా అడిగేది ఒకటే: ఇనుము ఖర్చు ఎలా తగ్గించుకోవాలి? అడగడంలో తప్పేం లేదు, చిన్న ఇల్లు కట్టేవాళ్లకి ప్రతి కిలో లెక్కే. కాకపోతే తగ్గించుకోవాల్సిన చోట వదిలేసి, ముట్టుకోకూడని చోట కోత పెడుతున్నారు, అది చదువుతుంటే నిజంగా భయమేసింది. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి దీనికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: సార్, మొదటిసారి ఇల్లు కడుతున్నాం. దుకాణంలో 415, 500, 550 అని మూడు రకాలు చెప్తున్నారు. నంబరు పెరిగేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది, ఊచలు తక్కువ పడతాయి, మొత్తం మీద మీకే చౌక అంటున్నారు. నమ్మొచ్చా?

జవాబు: సగం నమ్మండి. ముందు ఆ నంబరేంటో తెలుసుకుంటే మిగతాది మీకే అర్థమవుతుంది. ఊచను రెండు వైపులా లాగుతూ పోయారనుకోండి, ఒక హద్దు దాకా అది రబ్బరులా కొంచెం సాగి, వదిలేస్తే మళ్లీ మొదటి పొడవుకి వచ్చేస్తుంది. ఆ హద్దు దాటాక సాగింది సాగినట్టే ఉండిపోతుంది. ఆ హద్దే ఈ నంబరు. 500 అంటే చదరపు మిల్లీమీటరుకి 500 న్యూటన్లు, అంటే దాదాపు 51 కిలోల బరువు. 12 ఎంఎం ఊచ కోత వైశాల్యం 113 చదరపు మిల్లీమీటర్లు కాబట్టి ఆ ఒక్క ఊచ అలా సాగిపోవడం మొదలుపెట్టేలోపు దాదాపు 5.8 టన్నుల లాగుడు తట్టుకుంటుంది. కాంక్రీటుకి నొక్కుడు తట్టుకోవడం బాగా వచ్చు, లాగుడు మాత్రం అందులో పదో వంతే తట్టుకుంటుంది, ఆ లోటు పూడ్చడానికే మనం లోపల ఇనుము పెట్టేది.

ఇప్పుడు లెక్క. 415 బదులు 500 వాడితే, బలాన్ని బట్టి ఇనుము నిర్ణయమయ్యే చోట 17 శాతం దాకా తగ్గుతుంది. 500 నుంచి 550కి వెళ్తే ఇంకో 9 శాతం. కాగితం మీద బాగుంది. కానీ చిన్న ఇంట్లో చాలా చోట్ల ఇనుము బలాన్ని బట్టి నిర్ణయం కాదండీ. శ్లాబులో ఎండకి, ఆరుదలకి బీటలు రాకుండా కనీసం ఇంత ఇనుము ఉండాలని నియమం ఉంటుంది, చాలా దేశాల నియమావళుల్లో అది శ్లాబు కోత వైశాల్యంలో సుమారు 0.12 నుంచి 0.2 శాతం మధ్య తేలుతుంది. ఊచకీ ఊచకీ మధ్య ఎంత దూరం ఉండొచ్చో దానికీ హద్దు ఉంది. చిన్న గదుల శ్లాబుల్లో, ముఖ్యంగా అడ్డ ఊచల్లో, ఈ రెండు నియమాలే ఊచల సంఖ్యను తేలుస్తాయి. అక్కడ 550 కొన్నా ఒక్క ఊచ కూడా తగ్గదు.

ఇంకో సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. గ్రేడ్, అంటే ఆ నంబరు, పెరిగినంత మాత్రాన ఇనుము బిగుతు పెరగదు. 415 అయినా 550 అయినా ఒకే బరువుకి ఒకేలా సాగుతాయి, మూడింటికీ ఆ గుణం దాదాపు 2,00,000 మెగాపాస్కల్స్ (చదరపు మిల్లీమీటరుకి న్యూటన్లు అన్నా అదే). కాబట్టి శ్లాబు కుంగుతుందేమో, నడిస్తే అదురుతుందేమో అన్న అనుమానం ఉంటే దానికి మందు శ్లాబు మందంలోనూ గది వెడల్పులోనూ ఉంది తప్ప ఊచ నంబరులో లేదు. పైగా ఎక్కువ గ్రేడ్ కదా అని ఊచలు తగ్గిస్తే ఉన్న కాసిన్ని ఊచల మీద లాగుడు పెరిగి కుంగుడు ఇంకా ఎక్కువవుతుంది.

నా మాట అడిగితే, మామూలు ఇంటికి 500 తీసుకోండి, డిజైను కూడా 500కే చేయించుకోండి. అయితే నంబరు చూసి ఆగిపోకండి, సాగే గుణం చూడండి. భూకంపమో, పునాది కుంగడమో వచ్చినప్పుడు ఊచ పుటుక్కున తెగకుండా సాగితే ఇల్లు బీటలిచ్చి హెచ్చరిస్తుంది, లోపలున్నవాళ్లు బయటికి రావడానికి టైం దొరుకుతుంది. మిల్లు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్‌లో సాగుదల శాతం అని ఒక గడి ఉంటుంది. 12 శాతం కంటే తక్కువ కనబడితే నేనైతే కొనను, 16 దాటితే సంతోషంగా కొంటాను. ఆ కాగితం మీదున్న హీట్ నంబరు (ఏ విడత కరిగించిన ఇనుమో చెప్పేది), ఊచల కట్టకి వేలాడే బిళ్ల మీది నంబరు ఒకటేనా కాదా అని మాత్రం కట్ట దించకముందే చూడండి, ఎందుకంటే సర్టిఫికెట్ ఒక సరుకుది, బండిలో వచ్చింది ఇంకో సరుకు కావడం మామూలే.

ప్రశ్న: అన్నా, పేరున్న కంపెనీ ఊచలు కొనే స్తోమత లేదు. వేరే దుకాణంలో కిలోకి 5 శాతం తక్కువకి ఇస్తామంటున్నారు, కాకపోతే తూకం వెయ్యరట, ఊచల లెక్కన ఇస్తారట. మందం చూద్దామని వెర్నియర్‌తో కొలిస్తే 8 ఎంఎం ఊచ 8 కంటే కొంచెం ఎక్కువే చూపించింది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు తమ్ముడూ, ముందు తూకం వెయ్యి. నువ్వు వెర్నియర్ పెట్టింది గాట్ల మీద. ఊచ చుట్టూ ఉండే ఆ గాట్ల ఎత్తు కలిసి కొలత పెరుగుతుంది, గాట్ల మధ్య పెట్టి కొలిస్తే తగ్గుతుంది, రెండూ అసలు సంగతి చెప్పవు. గాట్లున్న ఊచకి మందం అంటే దాని బరువు నుంచి లెక్కగట్టిన మందమే, వేరే దారి లేదు.

సూత్రం చాలా తేలిక. ఊచ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 8 ఎంఎంకి 8 ఎనిమిదులు 64, భాగిస్తే 0.395, అంటే 395 గ్రాములు. అదే లెక్కన 10 ఎంఎం 617 గ్రాములు, 12 ఎంఎం 888 గ్రాములు, 16 ఎంఎం 1 కిలో 580 గ్రాములు. ఇనుము ఘనమీటరు బరువు 7850 కిలోలు కాబట్టి ఆ 162 వచ్చింది, ప్రపంచంలో ఎక్కడ కొన్నా ఇదే లెక్క. ఒక కట్టలో మూడు వేర్వేరు ఊచల నుంచి సరిగ్గా ఒక మీటరు చొప్పున ముక్కలు కోయించు, కోత అంచు వాలుగా కాకుండా నిటారుగా ఉండాలి, వంటింటి డిజిటల్ తక్కెడ మీద పెట్టు. మూడింటి సగటు తీసుకో.

సన్న ఊచల్లో కొద్ది శాతం అటూ ఇటూ ప్రమాణాలే ఒప్పుకుంటాయి, దానికి కంగారుపడొద్దు. కానీ మీటరు 350 గ్రాములే తూగిందనుకో, 11 శాతం పైన లోటు. పేరుకే అది 8 ఎంఎం, నిజానికి 7.5. ఇప్పుడు నీ బేరం చూద్దాం. కిలో ధర 5 శాతం తక్కువ, కానీ వాళ్లు డబ్బు కట్టించుకునేది పుస్తకంలోని బరువుకి, అంటే మీటరుకి 395 గ్రాముల లెక్కన, నీ చేతికొచ్చేది 11 శాతం తక్కువ బరువు. 95ని 89తో భాగించి చూడు, నిజంగా ఇంటికొచ్చిన ప్రతి కిలోకి నువ్వు 7 శాతం ఎక్కువ ఇచ్చావు. డబ్బు ఎక్కువ పోయింది, ఇంట్లో ఇనుము తక్కువైంది, రెండు వైపులా నష్టం. అందుకని లెక్కన కాదు, తూకానికే కొను. బండి ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, ఎక్కించాక ఒకసారి వేబ్రిడ్జి మీద పెట్టించి రెండు చీటీలూ నీ దగ్గర ఉంచుకో.

తూకానికి కొన్నా సరే మీటరు బరువు చూడటం మానొద్దు. తక్కువ బరువు ఊచలు తూకానికి కొంటే పొడవు కలిసొస్తుందని కొందరు సంబరపడతారు. డ్రాయింగులో 15 సెంటీమీటర్లకొక ఊచ అని ఉంటే మేస్త్రి అదే దూరంలో కడతాడు కదా, ఊచ సన్నమైతే శ్లాబులో పడ్డ ఇనుమే తగ్గిపోయినట్టు.

పేరున్న కంపెనీయే కావాలా అంటే, అక్కర్లేదు. పెద్ద ప్రకటనల ఖర్చు కూడా ఆ ధరలో ఉంటుంది. మీ దేశపు ప్రమాణ సంస్థ గుర్తు ఊచ మీదే అచ్చయి ఉండి, సర్టిఫికెట్ హీట్ నంబరుతో సరిపోయి, మీటరు బరువు సరిగ్గా ఉండి, ఒక ముక్క ల్యాబులో లాగించి చూసినప్పుడు నెగ్గిన మధ్యరకం మిల్లు ఊచ నిక్షేపంలా పనికొస్తుంది. ల్యాబు ఫీజు దండగ అనుకోకు, మొత్తం ఇనుము ఖర్చులో అది చాలా చిన్న వాటా. గుర్తే లేని ఊచ మాత్రం ఎంత తక్కువకి ఇచ్చినా ఇంట్లోకి రానివ్వొద్దు. పాత తుక్కుని సరిగ్గా శుద్ధి చెయ్యకుండా కరిగించి లాగిన సరుకులో గంధకం, భాస్వరం మిగిలిపోతాయి, అలాంటి ఊచ పెళుసుగా ఉండి, రింగు (పిల్లరు, బీము ఊచల చుట్టూ కట్టే చట్రం) వంచేటప్పుడే వంపు బయటి వైపు వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తాయి.

ఆ పరీక్ష నువ్వే సైట్‌లో చెయ్యొచ్చు. ఊచ మందానికి నాలుగు రెట్లు మందమున్న పిన్ను చుట్టూ చల్లగానే, నిదానంగా వంచించు. వంపు బయటి వైపు గాట్ల మొదట్లో వేలితో తడిమి, వెలుతురులో చూడు. నున్నగా ఉంటే సరే. పగులు కనబడితే ఆ కట్ట వెనక్కి పంపించెయ్యి, మొహమాటపడకు.

ప్రశ్న: టీఎంటీ అంటే ఏంటి సార్, మామూలు ఊచకీ దానికీ తేడా ఏంటి? మా మేస్త్రి లావు ఊచలు వంగడం లేదని గ్యాస్ మంటతో కాల్చి వంచుతానంటున్నాడు.

జవాబు: ముందు ఆ మంట ఆపించండి, తర్వాత తేడా చెప్తాను.

మిల్లులో ఆఖరి రోలరు నుంచి ఊచ ఎర్రగా కాగుతూ బయటికి వస్తుంది. రాగానే నీటి ధారల మధ్య నుంచి దూసుకుపోతుంది. ఆ క్షణంలో పైపొర గబుక్కున చల్లారి బాగా గట్టిపడుతుంది, లోపల మాత్రం ఇంకా కాగుతూనే ఉంటుంది. బయటికొచ్చాక ఆ లోపలి వేడి మెల్లగా పైపొరలోకి పాకి దాని పెళుసుదనాన్ని తీసేస్తుంది. అంటే ఒకే ఊచలో బయట గట్టి పెంకు, లోపల సాగే మెత్తని గుజ్జు. ఇదే టీఎంటీ, అంటే థర్మో మెకానికల్ ట్రీట్‌మెంట్. ఈ పద్ధతిని 1970ల్లో బెల్జియంలో తీర్చిదిద్దారు, అంతకుముందు బలం కోసం ఊచను చల్లగానే మెలితిప్పేవాళ్లు, దానికి ఇంకా ముందు 1884లోనే అమెరికాలో ఎర్నెస్ట్ రాన్సమ్ మెలితిప్పిన కడ్డీకి పేటెంటు తీసుకున్నాడు. మెలితిప్పితే బలం పెరుగుతుంది కానీ సాగే గుణం కొంత పోతుంది. టీఎంటీలో రెండూ దక్కాయి. ల్యాబులో ఊచ కోత ముఖాన్ని నున్నగా రుద్ది పలచటి యాసిడ్ పూస్తే చుట్టూ నల్లని వలయం, మధ్యలో లేత బూడిద రంగు కనబడతాయి. ఆ వలయం చుట్టూతా ఒకే మందంలో ఉంటే నీళ్లు సమంగా తగిలినట్టు, ఒక పక్క లావుగా ఇంకో పక్క తెగిపోయినట్టు ఉంటే ఆ ఊచ సరిగ్గా తయారవలేదు.

ఇప్పుడు మీకే తెలిసిపోయి ఉంటుంది. గ్యాస్ మంటతో ఎర్రగా కాలిస్తే ఆ గట్టి పెంకు అక్కడికక్కడ మెత్తబడిపోతుంది, సరిగ్గా వంపు దగ్గర, అంటే లాగుడు ఎక్కువ పడే చోటే బలం పోతుంది. బలానికి డబ్బిచ్చి కొని దాన్నే కాల్చేసుకున్నట్టు. 20, 25 ఎంఎం ఊచలు వంచడానికి పొడుగాటి పైపు తొడిగిన లివరు, లేదా అద్దెకి దొరికే వంపు మిషను చాలు. వెల్డింగు కూడా అంతే, ఇంజనీరు ఫలానా రకం ఊచకి ఫలానా పద్ధతిలో అని రాసిస్తే తప్ప అతుకులకి వెల్డింగు పెట్టించకండి, తీగతోనే కట్టించండి.

ప్రశ్న: డ్రాయింగులో పిల్లరుకి 16 ఎంఎం ఊచలు నాలుగు ఉన్నాయి. మా చిన్న ఇంటికి 12 ఎంఎం నాలుగు చాలు, తేడా నాలుగు మిల్లీమీటర్లేగా అంటున్నాడు కాంట్రాక్టరు. అమ్మానాన్నలు పెద్దవాళ్లు, వాళ్లే ఉంటారు ఆ ఇంట్లో, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ టెన్షన్‌లో న్యాయం ఉందమ్మా. కంటికి నాలుగు మిల్లీమీటర్లే, కానీ బలం మందాన్ని బట్టి కాదు, కోత వైశాల్యాన్ని బట్టి. 16 ఎంఎం ఊచ వైశాల్యం 201 చదరపు మిల్లీమీటర్లు, నాలుగు కలిపి 804. 12 ఎంఎం 113, నాలుగు కలిపి 452. దాదాపు సగానికి పడిపోయింది, 44 శాతం ఎగిరిపోయింది. 12 ఎంఎంతోనే కట్టాలంటే ఏడు వేసినా 792 దగ్గరే ఆగుతుంది, ఎనిమిది కావాలి. అప్పుడు మిగిలేదేముంది? పైగా చిన్న పిల్లరులో ఎనిమిది ఊచలు ఇరుక్కుంటే కంకర మధ్యలోకి దిగక లోపల ఖాళీలు పడతాయి.

నిజంగా 16 అక్కర్లేదేమో అని అనుమానం ఉంటే ఆ ప్రశ్న డ్రాయింగు వేసిన ఇంజనీరునే అడగండి, కాంట్రాక్టరుని కాదు. ఇంజనీరు మళ్లీ లెక్కచూసి తగ్గించి సంతకం పెడితే అది పొదుపు. సైట్‌లో నిలబడి తగ్గిస్తే కన్నవాళ్ల తల మీది కప్పుతో పందెం కాసినట్టు. ఆ మాట కాంట్రాక్టరుకి సూటిగా చెప్పండి, కోపం తెచ్చుకుంటే తెచ్చుకోనివ్వండి.

ప్రశ్న: పోయిన నెల మా తమ్ముడి ఇల్లు అయిపోయాక చూస్తే సైట్‌లో ఊచ ముక్కలు గుట్టగా మిగిలాయి. తుక్కు కింద అమ్మేశారు. మా ఇంటికి అలా కాకుండా ఏం చెయ్యాలి?

జవాబు: ఈ ఉత్తరం చదివి నాకు ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే అసలు డబ్బు మిగిలేది ఇక్కడే. నాణ్యత తగ్గించకుండా, ఇంజనీరుతో గొడవ పడకుండా, కాగితం పెన్నుతో మిగిలే డబ్బు ఇది.

ఊచలు మామూలుగా 12 మీటర్ల పొడవులో వస్తాయి. మీకు శ్లాబుకి 4.2 మీటర్ల 10 ఎంఎం ముక్కలు 40 కావాలనుకుందాం. ఒక ఊచలో రెండు ముక్కలు వస్తాయి, 3.6 మీటర్లు మిగులుతుంది. 20 ఊచలు కోస్తే 20 తునకలు, మొత్తం 72 మీటర్లు, 44 కిలోలు. కొన్న దానిలో 30 శాతం. ఇప్పుడు డ్రాయింగులో ఇంకో పేజీ తిప్పండి. కిటికీల మీద, తలుపుల మీద లింటెల్స్‌కి 10 ఎంఎం ఊచలు 1.7 మీటర్లవి ఉన్నాయనుకోండి, ఆ 3.6 మీటర్ల తునకలో సరిగ్గా రెండు వస్తాయి, పారేసేది 20 సెంటీమీటర్లే. 40 ముక్కలు, లింటెల్‌కి నాలుగు చొప్పున పది లింటెల్స్‌కి ఊచలు ఊరికే వచ్చినట్టే. మేస్త్రి తప్పేం కాదు, లింటెల్స్ ముందు కట్టేస్తారు కాబట్టి అప్పటికి శ్లాబు గురించి ఎవరూ ఆలోచించరు, లింటెల్స్‌కి కొత్త ఊచలు నిలువునా కోసేస్తారు. అందుకని మొదటి ఊచ మీద రంపం పడకముందే ఇల్లంతటికీ కోతల పట్టిక రాయించండి, బార్ బెండింగ్ షెడ్యూల్ అంటారు దాన్ని. ఏ సైజు, ఎక్కడికి, ఎంత పొడవు, ఎన్ని. అందులోంచి సైజు వారీగా పొడవైన ముక్కలు ముందు, పొట్టివి తర్వాత సర్దుకుంటూ ఏ ఊచలోంచి ఏ ముక్కలు తియ్యాలో గీసుకోండి. ఇంట్లో లెక్కలు బాగా చేసే పిల్లలుంటే వాళ్లకి అప్పగించండి, ఇష్టంగా చేస్తారు.

రింగుల దగ్గర కూడా చూడండి. మామూలు ఇంటి బీముకి 8 ఎంఎం రింగు దాదాపు 1 మీటరు ఊచ తింటుంది. సరిగ్గా మీటరుకి కోస్తే ఊచకి 12 రింగులు, చేతి అంచనాతో 1.08కి కోస్తే 11 రింగులే. 200 రింగులకి 17 ఊచలు చాలేచోట 19 పడతాయి. కానీ ఒక్క హెచ్చరిక. ముక్క పొడవు తగ్గించాలని రింగు కొక్కేలు కత్తిరించొద్దు. కొక్కెం 135 డిగ్రీలకి లోపలికి తిరగాలి, తోక 75 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. 90 డిగ్రీలకి వదిలేసిన రింగు భూకంపంలో విచ్చుకుపోతుంది, అప్పుడు నిలువు ఊచలు ఎన్ని ఉన్నా పిల్లరు పేలిపోతుంది.

ల్యాపింగ్ కూడా ఈ పట్టికలోనే తేలాలి. రెండు ఊచలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి కట్టే పొడవు డ్రాయింగులో ఉంటుంది, ఊచ మందానికి 50 రెట్ల చుట్టుపక్కల వస్తుంది, అంటే 12 ఎంఎంకి 60 సెంటీమీటర్లు. అతుకు ఒక్కోటీ అంత ఇనుము తింటుంది, కాబట్టి పట్టిక సరిగ్గా రాసుకుంటే అనవసరమైన అతుకులు తగ్గుతాయి. అతుకు పొడవు మాత్రం తగ్గించకూడదు, అన్ని అతుకులూ ఒకే వరసలో రాకూడదు.

ప్రశ్న: కొన్న ఊచలు నాలుగు నెలలు ఆరుబయట ఉండి ఎర్రగా తుప్పు పట్టాయి. పారెయ్యాలా?

జవాబు: చేత్తో తుడిస్తే ఎర్రటి పొడి అంటుకునేంత తుప్పయితే దిగులుపడకండి, వైరు బ్రష్‌తో రుద్ది వాడుకోండి, ఆ గరుకుదనం కాంక్రీటు పట్టుకి అడ్డం కాదు. పెచ్చులుగా లేస్తుంటే, గీకాక ఊచ మీద గుంటలు కనబడుతుంటే మాత్రం మళ్లీ ఒక మీటరు ముక్క తూకం వెయ్యండి. పైన చెప్పిన బరువు కంటే బాగా తగ్గితే అది ఇంటికి పనికిరాదు. ఉప్పుగాలి తగిలే చోట పెట్టిన ఊచలైతే నీళ్లతో కడిగి మరీ చూడండి. మిగతా ఊచల్ని నేలకి తగలకుండా దిమ్మెల మీద పేర్చి పైన పట్టా కప్పండి, పక్కల గాలి ఆడనివ్వండి. నూనె, గ్రీజు పుయ్యడం మాత్రం వద్దు, కాంక్రీటు ఊచని పట్టుకోదు.

ప్రశ్న: పాత ఇల్లు పడగొడితే వచ్చిన ఊచలున్నాయి, సాపు చేసి వాడుకోవచ్చా? ఇంకొకరు ఫైబర్ ఊచలు తుప్పు పట్టవు, ఇనుము కంటే నయం అంటున్నారు, అది నిజమా?

జవాబు: పాత ఊచలు పిల్లర్లకీ బీములకీ శ్లాబులకీ వద్దు. ఏ గ్రేడో తెలియదు, వంచి సాపు చేసిన ప్రతిచోటా సాగే గుణం చచ్చిపోయి ఉంటుంది. బాగా పాత ఇళ్లలో నున్నటి కడ్డీలుంటాయి, వాటి బలం ఇప్పటి 500లో సగమే. కంచె గుంజలకి, పందిరికి వాడుకోండి, మిగిలింది తుక్కుకి అమ్మి కొత్త ఊచలకి ఆ డబ్బు కలుపుకోండి.

గాజు పీచుతో చేసే ఫైబర్ ఊచ నిజంగానే తుప్పు పట్టదు, బరువు ఇనుములో నాలుగో వంతు, లాగుడు కూడా బాగా తట్టుకుంటుంది. కానీ బిగుతు కూడా దాదాపు నాలుగో వంతే, కాబట్టి బీము ఎక్కువ కుంగుతుంది. ఇనుములా సాగి హెచ్చరించదు, ఒకేసారి తెగుతుంది. సైట్‌లో వంచడానికి రాదు, వంపులు ఫ్యాక్టరీ నుంచే రావాలి. మంట తగిలితే లోపలి జిగురు మెత్తబడిపోతుంది. ఉప్పునీటి పక్కన, నేల మీద వేసే గచ్చుకి మంచిదే. ఇంటి కప్పుకి, బీములకి అంటే దాని కోసమే విడిగా లెక్కకట్టిన డిజైను ఉండాలి, ఇనుము డ్రాయింగు పట్టుకుని ఊచకి ఊచ మార్చేస్తే కుదరదు.

ప్రశ్న: బాల్కనీ మీటరే బయటికి వస్తుంది. డ్రాయింగులో లావు ఊచలు పైన చూపించారు. మేస్త్రి కిందే వేస్తానంటున్నాడు, శ్లాబులో కింద వేసినట్టే కదా, రెండూ ఒకటే కదా సార్?

జవాబు: ఒకటి కాదు. దీనికి నా సొంత ఇంట్లోనే దెబ్బ తిన్నాను, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

మా బాల్కనీకి ఊచలు పైనే కట్టారు, నేనే దగ్గరుండి చూశాను, అంతా బాగుంది. కాంక్రీటు పోసే రోజు వేరే పని మీద ఒక్క గంట పక్కకి వెళ్లాను. ఆ గంటలో తట్టలు మోసేవాళ్లు ఆ ఊచల మీదే నడిచారు, కింద ఏ ఆధారం లేదు, ఊచలు వాలిపోయి సెంట్రింగ్ చెక్క మీద పడుకున్నాయి, వాటి మీదే కాంక్రీటు పోసేశారు. బయటికి ఏం తెలుస్తుంది? సెంట్రింగ్ తీసిన వారానికి బాల్కనీ గోడని కలిసే చోట పైన, ఈ చివర నుంచి ఆ చివరకి వేలి గోరు దూరేంత బీట. పగలగొట్టి చూస్తే ఊచలన్నీ అడుగున, కింద కవరు, అంటే ఊచని కప్పి ఉంచే కాంక్రీటు పొర, అన్నదే లేదు. మొత్తం తీసేసి మళ్లీ కట్టాం. ఇనుము కొన్నదే, మంచిదే, బరువు సరిపోయిందే. ఉండాల్సిన చోట లేదు, అంతే.

రెండు పక్కలా గోడల మీద ఆనిన శ్లాబు మధ్యలో కిందికి వంగుతుంది, లాగుడు అడుగున పడుతుంది, ఊచలు అడుగున ఉండాలి. ఒక పక్కే పట్టుకుని ఇంకో పక్క గాల్లో ఉన్న బాల్కనీ చివర కిందికి వాలుతుంది, లాగుడు పై వైపు పడుతుంది, ఊచలు పైనే ఉండాలి. చెయ్యి చాపి బరువు పట్టుకుంటే భుజం పైన లాగినట్టు. 125 మిల్లీమీటర్ల శ్లాబులో పై ఊచ 30 మిల్లీమీటర్లు దిగిపోతే బలం సుమారు 30 శాతం పోతుంది, పూర్తిగా అడుగుకి చేరితే ఆ ఊచ లేనట్టే లెక్క.

కాబట్టి మేస్త్రి చెప్పింది ఒప్పుకోకండి. పై ఊచలు బాల్కనీ పొడవుకి కనీసం ఒకటిన్నర రెట్లు లోపలి శ్లాబులోకి వెళ్లాలి, డ్రాయింగులో ఇంకా ఎక్కువుంటే అంతే వెయ్యాలి. వాటి కింద మీటరుకొకటి చొప్పున వంచిన ఊచ చైర్లు (పై ఊచని ఎత్తి నిలిపే కాళ్లు) పెట్టించండి, వాటికి మీ తునకలే సరిపోతాయి. అడుగున 20 మిల్లీమీటర్ల కవరు బ్లాకులు పెట్టండి, రాళ్లు, చెక్క ముక్కలు కాదు, కాంక్రీటు బిళ్లలు. పిల్లరుకైతే 40, పునాదికి 50కి తగ్గకుండా. ఈ కవరు ఎందుకంటే, తుప్పు పట్టిన ఇనుము అసలు సైజుకి రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకి కాంక్రీటు పెచ్చులూడిపోతుంది, కవరు మందంగా ఉంటే తేమ అక్కడిదాకా చేరడానికి చాలా కాలం పడుతుంది.

కాంక్రీటు పోసే రోజు నడవడానికి ఊచల మీద పలకలు వేయించండి, అవి కింద చైర్లున్న చోట ఆనాలి, ఆధారం లేని ఊచల మీద కాదు. మీరు టేపు పట్టుకుని అక్కడే ఉండండి, తట్ట పడ్డప్పుడల్లా పై ఊచ నుంచి చెక్క దాకా ఎంతుందో కొలుస్తూ ఉండండి, తగ్గితే అప్పటికప్పుడే ఎత్తి కట్టించండి. ఆ రోజు ఫోన్లు వస్తాయి, చుట్టాలు వస్తారు, ఎవరొచ్చినా ఆఖరి తట్ట పడేదాకా బాల్కనీ దగ్గర నుంచి కదలొద్దు.